కుడి బోల్టు మీద గులాబీ గీత

చనిపోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. సరే, మంచే మాట్లాడతాను. నా బాధ కూడా అదే. ఆయనలో ఒక్క చెడ్డగుణం దొరికినా దాన్ని పట్టుకుని ఊరట పడదామని నాలుగేళ్లుగా వెతుకుతున్నాను. తాగుడు లేదు, పని ఎగ్గొట్టడం లేదు, ఒకరి మాట ఇంకొకరికి మోయడం లేదు. చాయ్‌ని సాసర్‌లో పోసుకుని జుర్రుమని చప్పుడు చేస్తూ తాగేవాడు. ఎంత వెతికినా నాకు దొరికిన తప్పు ఆ చప్పుడొక్కటే.

మూడు వారాల కిందట ఒక ఎర్ర కారు సూరత్ అడాజన్‌లోని నా గ్యారేజీ ముందు ఆగకపోతే ఇదంతా రాసేవాణ్ణి కాదు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, నేలకు జానెడెత్తున ఉంటుంది. నంబరు చూడకముందే గుర్తుపట్టాను. కొత్త ఓనరు బ్యాంకులో పనిచేసే యువకుడు. వెనక ఎడమ పక్క గుంతలో పడ్డప్పుడల్లా కిర్రుమంటోంది, ఏమైందో చూడమన్నాడు. లిఫ్ట్ ఎక్కించి కింద లైటు పట్టాను. ఎడమ చక్రాన్ని పట్టుకునే ఆర్ము చివర రబ్బరు బుష్ చీలి పేలికలై ఉంది. కుడి పక్కది మాత్రం నిన్ననే వేసినట్టుంది. కుడి బోల్టు మీది మట్టిని వేలితో తుడిస్తే సన్నటి గులాబీరంగు గీత బయటపడింది. నెయిల్ పాలిష్ గీత. దాన్ని చూడగానే నా కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది.

మావాళ్లది నేత. మా నాన్న, మేం బాపు అంటాం, చిన్నతనంలోనే కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద పడ్డాడు. పవర్‌లూమ్‌లను మేం సాంచాలంటాం. మా ఇంట్లో సాంచా ముట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మోత, ఆ దూది నాకొద్దని కార్ల పని నేర్చుకున్నాను. పెద్ద సర్వీస్ సెంటర్లో పదేళ్లు చేసి సొంతంగా గ్యారేజీ పెట్టాను. మా గల్లీలో మొదటి లిఫ్ట్ నాది. కొలతపెట్టి బిగించే టార్క్ పానా మొదట కొన్నదీ నేనే. ఈ రెండూ నేను పదిమందికీ చెప్పుకునే విషయాలు.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగాయి. మావాళ్లలో చాలామంది దొరికిన రైలెక్కి ఊళ్లకు పోయారు. నేను చెబుతున్న ఆయన మాత్రం పోలేదు. పాండేసర దగ్గరి ఒక కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మాస్టర్‌గా ఉండేవాడు. బాపుకు ఎప్పటినుంచో తెలుసు. దుకాణాలు తెరుచుకోగానే బాపు ఆయన్ని నా దగ్గరికి పంపాడు. చేతిల పనున్నోడు, ఊకె గూసున్నడు, ఏదన్న జెప్పు అన్నాడు. సామాను డీజిల్‌తో కడిగే పని చెప్పాను.

సన్నటి మనిషి. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అనేవాడు, కస్టమర్ల ముందు మాత్రం సేటూ అనేవాడు. మూతికి కట్టే మాస్కు రోజుకో రంగు. చెడిపోయిన చీర ముక్కలతో ఆయన భార్య కుట్టేది. ఒకరోజు నెమళ్లు, ఒకరోజు మామిడిపిందెలు, ఒకరోజు అరచేయంత గులాబీలు. నేను మొదటిరోజు నవ్వాను. నెల తిరిగేసరికి ఇవాళ మాస్టర్ మూతి మీద ఏం పూసిందో చూద్దామని కస్టమర్లు తొంగిచూసేవారు.

పాండేసర నుంచి అడాజన్‌కు సైకిల్ మీద వచ్చేవాడు. కారు నడపడం రాదు. ఇది నేను మొదట్లో అందరికీ నవ్వుతూ చెప్పేవాణ్ణి, తర్వాత పళ్లు కొరుకుతూ చెప్పేవాణ్ణి.

ఆ ఎర్ర కారు మొదటి ఓనరు ఒక చీరల వ్యాపారి కొడుకు. లాక్‌డౌన్‌లో మార్కెట్ మూతపడి, రోడ్లు ఖాళీ అయి, కుర్రవాడికి చేతినిండా తీరిక దొరికింది. పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. దానికి విదేశం నుంచి కొత్త షాకబ్జర్లు, స్ప్రింగులు, లావుపాటి స్వే బార్లు తెప్పించుకున్నాడు. స్వే బార్ అంటే మలుపులో కారు ఒక పక్కకి ఒరగకుండా రెండు పక్కల చక్రాలనీ కలిపి పట్టే ఇనుప కడ్డీ. ముందు భాగం సామాను చలికాలంలో వచ్చింది. వెనక భాగంది ఓడల్లో ఎక్కడో ఇరుక్కుంది.

నా చేతికి స్పోర్ట్స్ కారు రావడం అదే మొదలు. ఈ ఒక్క కారు సరిగ్గా చేస్తే సూరత్‌లో ఇలాంటి కార్లున్నవాళ్లంతా నా పేరు చెప్పుకుంటారు. అంతకన్నా నేనేమీ కోరలేదు. వారం రోజులు వీడియోలు చూసి, లిఫ్ట్ మీద కారెక్కించి, పాతది విప్పి, కొత్తది వేసి, ఆర్ముల బోల్టులన్నీ టార్క్ పానా టక్కుమనేదాకా బిగించాను. కారు దించాను. ముక్కు రెండు వేళ్లు పైకి లేచి ఉంది. గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే కిర్రుమంది. కొత్త సామాను ఇట్లా అరుస్తుందా అని కుర్రవాడు అడిగాడు. నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందన్నాను. నాకూ తెలుసు, అది సర్దుకునే చప్పుడు కాదు.

ట్రేలో సామాను కడుగుతున్న మనిషి చీర పేలికతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సేటూ, జర మల్ల ఇప్పుదమా?"

కుర్రవాడి ముందు వద్దనలేకపోయాను. ఆయన బోల్టులు ఊడదీయలేదు, వదులు చేశాడంతే. పాత సాంచాల చెక్క ముక్కలు నాలుగు తెచ్చి నాలుగు చక్రాల కిందా పెట్టి, కారు బరువంతా వాటి మీదికి దింపించాడు. కుర్రవాణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. బానెట్ మూల మీద అరచేయి పెట్టి మూడుసార్లు నొక్కి వదిలాడు, ఎక్కడ ఆగుతుందో చూశాడు. చీరల పెట్టె అట్ట నేలమీద పరుచుకుని, వెల్లకిలా కారు కిందికి జరిగి అప్పుడు బిగించాడు. ముక్కు దిగింది. చప్పుడు పోయింది. కుర్రవాడు దిగివచ్చి ఇది ఎక్కడ నేర్చుకున్నావని హిందీలో అడిగాడు. ఆయన నావైపు చూసి తెలుగులో చెప్పాడు.

"బరువు వడకుంట బిగువు తెల్వదు సేటూ."

సాంచా మీద పడుగు దారాల బిగువు చూడాలంటే వెనక ఆ దారాలు చుట్టిన బీముకు బరువులు వేలాడుతుండాలట. బరువులు తీసి చేయి వేసి చూసేవాడు మాస్టరే కాదట. ఇదీ అంతేనట. కారు గాలిలో ఉంటే ఆర్ములు కిందికి వేలాడతాయి. అప్పుడు బిగిస్తే రబ్బరు అక్కడే పట్టుకుంటుంది. కారు నేలమీదికి దిగాక జీవితాంతం మెడ తిప్పుకునే బతకాలి, ఏదో ఒకరోజు చీలుతుంది. నడిపేవాడి బరువు కూడా బండి బరువేనని, అందుకే కూర్చోబెట్టానని చెప్పాడు. నేను పదిహేనేళ్లు కార్ల కింద బతికినవాణ్ణి. సర్వీస్ సెంటర్లో ఎవరో ఎప్పుడో ఈ మాట చెప్పారు కూడా. నేను మరిచాను. ఆయన ఎప్పుడూ వినలేదు, అయినా తెలుసుకున్నాడు.

సాంచాలు వదిలి పారిపోయి వచ్చినవాణ్ణి నేను. ఆ సాంచాలే నా గ్యారేజీలోకి వచ్చి నాకు పాఠం చెప్పాయి. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆయన మీదే పెట్టుకున్నాను.

బోల్టు బిగించాక దాని మీద గులాబీరంగు నెయిల్ పాలిష్‌తో గీత గీసేవాడు. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, అప్పుడు తెలిసిపోతుంది. సీసా భార్యది, అడక్కుండా తెచ్చుకున్నాడు. బోల్టులకు ముస్తాబు చేస్తున్నావా అన్నా అని నేను ఎగతాళి చేస్తే, తనూ నవ్వేవాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చేది కాదు.

ఆ ఆదివారం ముగ్గురం సముద్రం వైపు పోయే డుమస్ రోడ్డు మీదికి వెళ్లాం. నేను నడిపాను. కుర్రవాడు పక్కన. ఆయన వెనక ఇరుకు సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకుని, ఒక చేయి కారు కప్పుకి ఆన్చి కళ్లు మూసుకున్నాడు. మలుపులు రెండు దాటాక ఆ చేయి తీయకుండానే అన్నాడు, ముందట నిలవడ్డది, ఎనుక ఇంక ఊగుతున్నది అని. నా చేతుల్లో స్టీరింగు ఉంది, కాళ్ల కింద పెడళ్లున్నాయి. నాకూ అదే తెలుస్తోంది, కానీ మాటగా రాలేదు. నడపడం రాని మనిషి చెప్పేశాడు. అదే మాట హిందీలో చెప్పగానే కుర్రవాడు మెచ్చి తొడ మీద చరుచుకున్నాడు.

సముద్రం దగ్గర బండి మీద టమాటా భజియా తిన్నాం. కుర్రవాడు మొదటి ప్లేటు ఆయనకే ఇచ్చాడు. ఆయన అది నా చేతిలో పెట్టి, ముందు సేటుకు ఇవ్వాలి సాబ్ అని హిందీలో అన్నాడు. అవమానించినా బాగుండేది. అంత మర్యాదను మింగడం నావల్ల కాలేదు. భజియా చల్లారేదాకా పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాత కుర్రవాడి స్నేహితులు కార్లు పట్టుకుని రావడం మొదలైంది. గేటు దగ్గరే హారన్ కొట్టి "మాస్టర్ కహాఁ హై?" అనేవారు. ఇక్కడ మాస్టర్ అంటూ ఎవరూ లేరు, గ్యారేజీ నాది, ఏం కావాలో నాకు చెప్పండి అనేవాణ్ణి. నా నోటితో ఆయన్ని మాస్టర్ అని ఒక్కసారి కూడా అనలేదు. నా పేరు పెద్ద అక్షరాల్లో రాయించి కొత్త బోర్డు పెట్టించాను. బోర్డు బిగిస్తుంటే కింద నిచ్చెన పట్టుకున్నది ఆయనే. జర కుడిదిక్కు వంగింది సేటూ, సరిజెయ్యిమను అన్నాడు. నిజంగానే వంగింది. ఇంటికి పోతే బాపు కూడా ఆయన మాటే. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు. నా లిఫ్ట్ గురించి ఒక్కరోజు అడగని బాపు, ఆ నాలుగు చెక్క ముక్కల గురించి నాలుగుసార్లు అడిగాడు.

వెనక భాగం సామాను ఎండలు ముదురుతుండగా వచ్చింది. కొత్త షాకబ్జర్లు, కొత్త బార్ ఇద్దరం కలిసే ఎక్కించాం. చివరి బిగింపు మిగిలింది. ఆయన కారును చెక్కల మీదికి దింపి, కుర్రవాడు లేడు కాబట్టి సీట్లో రెండు ఇసుక సంచులు పెట్టి, కుడి పక్క బిగించి గీత గీశాడు. ఎడమ పక్కకు జరగబోతుంటే ఆపాను. ఉధ్నా బజారుకు పోయి ఒక క్లిప్పు పట్టుకురా, అది లేకపోతే పని ఆగిపోతుంది, మిగిలింది నేను చూసుకుంటానన్నాను. ఆ క్లిప్పు అవసరమే లేదు. ఆయన సైకిల్ తీసుకుని వెళ్లాడు.

నేనేం చేశానో దాచకుండా చెబుతాను. అట్ట పరిచి ఉంది. చెక్కల మీద కారుంది. నేను కిందికి జరిగి పానా తిప్పితే చాలు. కానీ ఆ అట్ట మీద పడుకుంటే అది ఆయన పని అవుతుంది. ఈ కారులో ఒక్క పక్కయినా నాది కావాలనిపించింది. లిఫ్ట్ పైకెత్తి, నిటారుగా నిలబడి, నా టార్క్ పానాతో టక్కుమనేదాకా ఎడమ పక్క బిగించాను. తప్పని తెలుసు. తెలిసే చేశాను. తెలియక చేసే తప్పుల్లో అంత హాయి ఉండదు. ఆయన క్లిప్పు తెచ్చేసరికి కారు వెళ్లిపోయింది. అయిందా తమ్మీ అన్నాడు. అయిందన్నాను.

నాలుగో రోజు కుర్రవాడు తిరిగి వచ్చాడు. మొహం మాడి ఉంది. వెనక ఎడమ పక్క చప్పుడు చేస్తోంది, డుమస్ మలుపులో బండి ఒకలా వంగి ఒకలా లేస్తోంది, ఎవరు చేశారిది అని అడిగాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నోరు తెరిస్తే నా బోర్డూ, నా పేరూ, నేను కలగన్న ఆ కార్లన్నీ పోతాయి. ఆయన టార్చి తీసుకుని కింద వంగి చూశాడు. కుడి బోల్టు మీద గులాబీ గీత ఉంది. ఎడమ బోల్టు మీద లేదు. నిదానంగా లేచాడు. ఆరోజు మాస్కు మీద ఆకుపచ్చ చిలకలున్నాయి, వాటి పైన కళ్లు నావైపు ఒక్క క్షణం చూశాయి.

"మేరా హీ గల్తీ హై సాబ్. జల్దీ మే కియా" అన్నాడు.

తొందరలో తనే తప్పు చేశానని ఒప్పుకున్నాడు. ఇకమీదట ఈ మనిషిని నా కారు ముట్టనివ్వొద్దని కుర్రవాడు నాకు చెప్పాడు. నేను తలూపాను. రబ్బరు మీద గ్రీజు స్ప్రే కొట్టి చప్పుడు నోరు మూయించి కారు పంపేశాను.

గేటు మూశాక, అట్ల ఎందుకు జెప్పినవే అన్నా అని అడిగాను. నా గొంతులో కృతజ్ఞత లేదు, చిరాకుంది. ఆయన సాసర్‌లో చాయ్ పోసుకుంటున్నాడు.

"కార్ఖానాల బట్ట చెడిపోతె వ్యాపారి ముందట మాస్టరే నిలవడాలె. సేటు నిలవడితె మల్ల పని రాదు. గది మా దాంట్ల రివాజు." జుర్రుమని తాగాడు. "ఆ పక్క దించి మల్ల బిగించు తమ్మీ. నేను ముట్ట. నువ్వే జెయ్యి. మంచిగనే జేస్తవు."

ఆ 'మంచిగనే జేస్తవు' అన్న మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు. కుర్రవాణ్ణి మళ్లీ పిలిచి బిగిస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాను. ఈలోగా కుర్రవాడికి మోజు తీరి, కారు వడోదర వాళ్లెవరికో అమ్మేశాడు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పటికే కరోనా రెండో విడత మొదలైంది. ఒక సోమవారం ఆయన రాలేదు. జ్వరమని భార్య ఫోన్ చేయించింది. పదకొండో రోజు బాపు ఫోన్ చేసి పోయిండురా అన్నాడు. చూడ్డానికి ఎవరినీ రానివ్వలేదు. ఆరోజు మధ్యాహ్నం బాపు గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చాడు. పక్కన నిలబడి నేనేమనుకున్నానో తెలుసా? నేను పోయి ఉంటే బాపు ఇంతగా ఏడ్చేవాడా అనుకున్నాను. అంతటి రోజున కూడా నా బుద్ధి అక్కడే ఉంది.

నెల తర్వాత ఆయన భార్య ఊరికి పోతూ సామాను కోసం గ్యారేజీకి వచ్చింది. సైకిల్, రెండు మాస్కులు, ఒక సాసరు. పనిముట్ల పెట్టెలో నెయిల్ పాలిష్ సీసా కనపడింది.

"ఇదీడున్నదా. ఇల్లంత దేవులాడిన" అంది.

సీసా కొంగున ముడివేసుకుని, మీ గురించి ఇంటికాడ మంచిగ జెప్తుండె అన్నా అని వెళ్లిపోయింది. ఏం చెప్పేవాడని అడగలేకపోయాను. చెక్క ముక్కలు నాలుగూ ఆవిడకు అక్కర్లేదు. వాటిని టైర్ల వెనక ఒక మూలకు తోసేశాను. పారేయలేదు, వాడనూ లేదు.

మూడు వారాల కిందట, లైటు కింద ఆ గులాబీ గీతను చూస్తూ నిలబడ్డప్పుడు కొత్త ఓనరు నా పక్కకు వచ్చాడు. ఒకే బండి, ఒకేసారి వేసిన సామాను, ఒక పక్క ఇలా ఉండి ఇంకో పక్క అలా ఎందుకుంది, కుడి పక్క ఎవరు చేశారు అని అడిగాడు. నేనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాదనేవాడు లేడు, చూసినవాడు లేడు. ముందు పని కానివ్వండి అన్నాను.

ఎడమకు కొత్త బుష్ వేశాను. టైర్ల వెనకనుంచి చెక్క ముక్కలు తీసి దుమ్ము దులిపాను. చక్రాల కింద పెట్టి కారు దించాను. మీరు లోపల కూర్చోవాలి అన్నాను. ఎందుకన్నాడు. బరువు పడకుండా బిగువు తెలియదన్నాను. అతను సీట్లో కూర్చుని ఆ మాట రెండుసార్లు తనలో తాను అనుకుని, చాలా గొప్ప మాట చెప్పారు ఉస్తాద్, మీ దగ్గరికి రావడం మంచిదైంది అన్నాడు. ఇన్నేళ్లుగా నేను ఆశపడ్డ పొగడ్త అది. అందులోనూ నాకు మిగిలిందేమీ లేదు, మాట కూడా ఆయనదే.

అట్ట పరుచుకుని కిందికి జరిగాను. ఆ మాట నాది కాదని చెప్పలేదు. మొదటి బోల్టు బిగించాను. రెండోది బిగించాను. కుడి పక్క గీత నా కంటికి మూరెడు దూరంలో ఉంది. మూడోదీ బిగించాను. ఇక బిగించడానికేమీ మిగల్లేదు.

బయటికి జరిగి, లేవకుండానే, అట్ట మీద కూర్చుని చెప్పాను.

"కుడి పక్క ఎవరు చేశారని అడిగారు కదా. మా మాస్టర్."

"మరి ఎడమ పక్క?" అన్నాడు.

"నేను" అన్నాను.